లుక్లాలో ఆఖరి సాయంత్రం: గైడ్‌కి, పోర్టర్లకి టిప్ ఎలా ఇచ్చాం (నా అనుభవం)

ఎవరెస్ట్ బేస్ క్యాంప్‌కి వెళ్లొచ్చామని తెలిసిన దగ్గర్నుంచి అందరూ అడిగేవి ఒకటే రకం ప్రశ్నలు. షూస్ ఏవి కొన్నారు, చలి ఎంత ఉంది, ఊపిరి ఆడకపోతే ఏం చేశారు. టిప్పుల గురించి మాత్రం ఒక్కరూ అడగలేదు. మేము ఆ పన్నెండు రోజుల్లో ఎక్కువసేపు మాట్లాడుకున్నదీ, ఒక రాత్రి గొడవ పడిందీ, నిద్ర చెడగొట్టుకున్నదీ దాని గురించే. అందుకే ఇక్కడ అదొక్కటే రాస్తున్నాను.

ముందు 2022 సంగతి చెప్పాలి. ఆ ఏప్రిల్‌లో నేనూ మా ఆయనా అన్నపూర్ణ బేస్ క్యాంప్‌కి వెళ్లాం, 4,130 మీటర్లు, మాకు అదే మొదటి పెద్ద ట్రెక్. మా బ్యాగులు మోసింది యాభై దాటిన ఒక పెద్దాయన. రోజూ మాకన్నా ముందు లాడ్జికి చేరి, మేం వచ్చేసరికి బ్యాగులు గదిలో పెట్టి, మెట్ల దగ్గర కూర్చుని ఉండేవాడు. చివరి రోజు దిగేసరికి జోరున వాన, జీపు స్టార్ట్ చేసి ఉంది, ఆయన ఊరు దారిలోనే కాబట్టి మధ్యలో దిగిపోయాడు. ఆ హడావుడిలో ఆయన చేతిలో ఏమీ పెట్టలేకపోయాం. పోఖరాలో ఏజెన్సీ ఆఫీసులో ఒక కవర్ ఇచ్చి, ఇది ఆయనకి అందజేయండి అని చెప్పి వచ్చేశాం. అందులో ఎనిమిది వేల నేపాలీ రూపాయలు ఉన్నాయి. నెల తర్వాత ఆయన వాట్సాప్‌లో మనవరాలి ఫోటో పంపితే, మాటల్లో మాటగా మా ఆయన అడిగారు, డబ్బు అందిందా అని. అందింది బాబూ, రెండు వేలు ఇచ్చారు, చాలా సంతోషం అన్నాడు.

మిగతా ఆరు వేలు ఎక్కడ ఆగిపోయాయో ఇప్పటికీ తెలియదు. ఆ దసరాకి పోఖరా వెళ్తున్న మా ఆయన కొలీగ్ ఒకరి చేత ఆ ఆరు వేలూ పంపించి, అందిందని ఆయనతో ఫోన్ చేయించుకున్నాం. అయినా రెండు వేలకు ఆయన చెప్పిన ఆ ‘చాలా సంతోషం’ నా చెవిలో అలాగే ఉండిపోయింది. వారం రోజులు మన బరువు మోసిన మనిషికి మన చేత్తో ఇవ్వకుండా వచ్చేయడం మా తప్పు. ఆఫీసులో ఎవరో ఏదో చేశారన్నది ఆ తర్వాతి మాట.

ఇక 2024. నేను, మా ఆయన, మా తమ్ముడు, వాడి ఫ్రెండ్, మొత్తం నలుగురం. 2014లో మన మాలావత్ పూర్ణ పదమూడేళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కినప్పటి నుంచి మా తమ్ముడికి ఆ కొండను ఒక్కసారైనా దగ్గర్నుంచి చూడాలని కోరిక. ఆ అమ్మాయి టిబెట్ వైపు నుంచి ఎక్కింది, మేం వెళ్లింది నేపాల్ వైపు. దసరా అయ్యాక అక్టోబర్ 14న లుక్లా నుంచి నడక మొదలయ్యేలా బుక్ చేసుకున్నాం.

ఏజెన్సీ వాళ్లు పంపిన కాగితంలో పర్మిట్లు, లాడ్జి గదులు, లుక్లా విమానం, ఒక గైడ్, ఇద్దరు పోర్టర్లు అన్నీ ఉన్నాయి. చివరి లైన్లో చిన్న అక్షరాల్లో ‘టిప్పులు ఇందులో కలపలేదు’ అని ఉంది. ఎంత ఇవ్వాలి అని మెయిల్ పెడితే ‘మీ ఇష్టం’ అని జవాబు. ఈ ‘మీ ఇష్టం’ దగ్గరే మనవాళ్లు చాలామంది బోల్తా పడతారు. మనకు టిప్ అంటే హోటల్లో బిల్లు కట్టాక ప్లేట్లో మిగిల్చే చిల్లర. అక్కడ అలా కాదు. కొండ మీద పని దొరికేది మార్చి నుంచి మే దాకా, మళ్లీ వానలు వెనక్కి తగ్గాక నవంబర్ దాకా. వానాకాలంలో, గట్టి చలికాలంలో ట్రెక్కులు దాదాపు ఉండవు. ఆ రెండు సీజన్లలో వచ్చింది ఏడాదంతా సరిపెట్టుకోవాలి. కాబట్టి టిప్ అనేది వాళ్ల లెక్కలో పైసంపాదన కాదు, సంపాదనలోనే ఒక భాగం.

ఇంట్లో కూర్చుని బడ్జెట్ వేసుకుంటున్నప్పుడు తమ్ముడి ఫ్రెండ్ నేరుగానే అడిగాడు. “అక్కా, మనిషికి లక్ష పైన కడుతున్నాం. జీతం ఏజెన్సీ ఇస్తుంది కదా, మళ్లీ మనమెందుకు ఇవ్వాలి?” అది పిసినారితనంతో అడిగిన ప్రశ్న కాదు, చాలామందికి వచ్చే అనుమానమే. నేను ఏజెన్సీకి ఫోన్ చేసి, పోర్టర్‌కి రోజుకు మీరు ఎంత ఇస్తారు, తిండి ఎవరిది అని అడిగాను. మొదట దాటవేశారు, రెండోసారి అడిగితే చెప్పారు. రోజుకు రెండు వేల నేపాలీ రూపాయలు, తిండి ఖర్చు అందులోంచే. మన డబ్బుల్లో 1,250. ఆ మాట విన్నాక మావాడు ఇంకేం మాట్లాడలేదు, సరే అక్కా లెక్క వెయ్యండి అన్నాడు. మీరు కూడా బుక్ చేసేటప్పుడే ఈ రెండు ప్రశ్నలూ అడగండి. ఇంకో రెండు కూడా అడగండి, పోర్టర్లకు ఇన్సూరెన్స్ చేయించారా, ఒక్కొక్కరు ఎన్ని కిలోలు మోస్తారు అని. ఆ జవాబులు వినేసరికే ఆ ఏజెన్సీ ఎలాంటిదో తెలిసిపోతుంది.

ఖాయమైన రేటు అంటూ ఏమీ లేదు. ముందు వెళ్లొచ్చిన తెలిసినవాళ్లను నలుగురైదుగురిని అడిగి, మేము అనుకున్నది ఇది: పోర్టర్ ఒక్కొక్కరికి రోజుకు వెయ్యి నేపాలీ రూపాయలు, గైడ్‌కి పదిహేను వందలు. ఇది మా నలుగురం కలిసి ఇచ్చేది, తలా ఒక్కొక్కరం ఇచ్చేది కాదు. ఇక్కడే చాలామంది తికమక పడతారు. ఒక్కరే వెళ్తే ఆ మొత్తం ఒక్కరి మీదే పడుతుంది. పన్నెండు రోజులకు ఇద్దరు పోర్టర్లకు పన్నెండేసి వేలు, గైడ్‌కి పద్దెనిమిది వేలు, మొత్తం 42,000. మన రూపాయికి 1.60 నేపాలీ రూపాయలని మారకం రేటు కట్టేసి ఉంటుంది కాబట్టి మన డబ్బుల్లో 26,250, మనిషికి ఆరున్నర వేల పైచిలుకు. విమానం టికెట్లు బుక్ చేయకముందే ఈ డబ్బు పక్కన పెట్టాం. చివర్లో మిగిలితే ఇద్దాం అనుకుంటే ఎప్పటికీ మిగలదు, ఎందుకంటే పైకి వెళ్లేకొద్దీ అన్నీ ఖరీదే. బేస్ క్యాంప్‌కి ముందు ఆఖరి మజిలీ అయిన గోరక్‌షెప్‌లో ఒక పప్పన్నం ప్లేటు వెయ్యి దాకా పలికింది. వేడినీళ్లకు, ఫోన్ ఛార్జింగ్‌కి, వైఫైకి దేని డబ్బు దానిదే.

నోట్ల సంగతి కూడా చెప్పాలి. మేం వెళ్లినప్పుడు మన వంద నోటు దాటినవి నేపాల్లో చెల్లేవి కావు. అందుకని వంద నోట్ల కట్టలు పట్టుకెళ్లి ఖాట్మండులో థమేల్‌లో మార్చుకున్నాం. ఆ ఏడాది నుంచే ఖాట్మండు షాపుల్లో మన యూపీఐ స్కాన్ కూడా పనిచేస్తోంది, కానీ కొండ మీద దాన్ని నమ్ముకోకండి. మార్చేటప్పుడే ఐదు వందలవీ వందవీ అడిగి తీసుకోండి. అన్నీ వెయ్యి నోట్లే ఉంటే పైన చిల్లర పుట్టదు. టిప్పుల 42,000 ఒక జిప్ కవర్లో పెట్టాం, మా తమ్ముడు దాని మీద స్కెచ్ పెన్నుతో ‘ముట్టుకోవద్దు’ అని రాశాడు. అది నా బ్యాగులో అన్నిటికన్నా అడుగున ఉండేది.

సీజన్లో లుక్లా విమానాలు ఎక్కువగా ఖాట్మండు నుంచి కాకుండా రామెచాప్ నుంచి ఎగురుతాయి. కాబట్టి అర్ధరాత్రి బయల్దేరి నాలుగైదు గంటలు కొండదారిలో ఊగుతూ వెళ్లాలి. లుక్లాలో దిగి టీ తాగుతుంటే గైడ్ వచ్చి పోర్టర్లను పరిచయం చేశాడు. ఒకాయనకు నలభై దాటి ఉంటాయి, ఇంకో అబ్బాయికి ఇరవై. ఇక్కడ మనవాళ్లు కనిపించిన ప్రతివాళ్లనీ షెర్పా అనేస్తారు. షెర్పాలు ఆ పై లోయలో ఉండే జాతి. బ్యాగులు మోయడానికి వచ్చేవాళ్లు ఎక్కువమంది కింది కొండల నుంచి వచ్చే రాయ్ జాతివాళ్లు, తమాంగ్‌లు, మగర్‌లు. మావాళ్లిద్దరూ రాయ్‌లే. పెద్దాయన్ని అందరం దాయి అనేవాళ్లం, అంటే అన్న. అబ్బాయిని భాయి, అంటే తమ్ముడు. నన్ను ఇద్దరూ దిదీ అని పిలిచేవాళ్లు. మాటలన్నీ వచ్చీరాని హిందీలోనే.

రెండో రోజు పొద్దున ఫాక్డింగ్‌లో దాయి బరువు కట్టుకోవడం చూశాను. మా రెండు డఫెల్ బ్యాగులు ఒకదాని మీద ఒకటి పెట్టి, తాడు రెండుసార్లు అడ్డంగా, ఒకసారి నిలువుగా తిప్పి, మోకాలితో నొక్కి ముడి బిగించాడు. దాని మీద తన బట్టల చిన్న సంచి. తాడు కొసలకు ఒక వెడల్పాటి పట్టీ ఉంటుంది, దాన్ని నామ్లో అంటారు. కింద కూర్చుని, వీపు బ్యాగులకు ఆనించి, ఆ పట్టీని నుదురు పైన, జుట్టు మొదలయ్యే చోట సర్దుకుని, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టి లేచాడు. మొత్తం బరువు మెడ మీదే. నేను అడిగి ఒకసారి ఆ పట్టీ పెట్టుకుని లేవబోయాను, మెడ కదల్లేదు. మా బ్యాగు ఒక్కోటి పన్నెండు కిలోలు, రెండూ ఇరవై నాలుగు. ఆ రోజే నేను రెండు స్వెట్టర్లు, ఒక పుస్తకం, పెద్ద షాంపూ సీసా తీసి ఆ లాడ్జిలోనే ఉంచేశాను, వచ్చేటప్పుడు తీసుకోవచ్చని. మావాళ్ల బరువు ఇంత ఉంటే, దారిలో లాడ్జిలకు సరుకు మోసేవాళ్లది ఇంకో లోకం. వాళ్లకు కూలి కిలోల లెక్కన, అందుకని ప్లైవుడ్ షీట్లు, గ్యాస్ సిలిండర్లు, బీరు పెట్టెలు తమ ఒంటి బరువుకన్నా ఎక్కువ కట్టుకుని, తొక్మా అనే పొట్టి కర్రని వెనక ఆనించి నిలబడి ఊపిరి తీసుకుంటూ ఎక్కుతుంటారు.

ఆ సాయంత్రం నాంచే చేరాక గైడ్‌ని పక్కకు పిలిచి మా మనసులో ఉన్నది చెప్పాను. డబ్బు మొత్తం నీకిచ్చి పంచమనడం కాదు, ఎవరిది వాళ్లకు మేమే ఇస్తాం, నువ్వేమీ అనుకోవద్దు అని. అతను నొచ్చుకుంటాడేమోనని నాకు టెన్షన్. కానీ అతనే అన్నాడు, “అలాగే చేయండి దిదీ. నా చేతికిస్తే నేను సరిగ్గా పంచినా, వీడెంత నొక్కేశాడో అనుకునేవాళ్లు ఉంటారు. ఆ మాట నాకూ వద్దు.” ఈ కోణం నేను అంతవరకూ ఆలోచించలేదు. చేతికిచ్చేది పోర్టర్ కోసమే కాదు, నిజాయితీగా ఉండే గైడ్ కోసం కూడా.

డింగ్‌బోచేలో కథ మారింది. 4,410 మీటర్లు. అక్కడ రెండు రాత్రులు ఉండాలి, ఒంటికి ఎత్తు అలవాటు పడటానికి. రెండో రోజు మధ్యాహ్నం భాయి అన్నం తినకుండా వంటగది మూల కూర్చున్నాడు. అడిగితే ఏం లేదు దిదీ అన్నాడు. సాయంత్రానికి వాంతి. కొండల్లో పుట్టినవాళ్లకు ఎత్తు జబ్బు రాదని మనం అనుకుంటాం, అది తప్పు. కింది కొండల నుంచి వచ్చినవాళ్లకు మనకు వచ్చినట్టే వస్తుంది, పైగా వాళ్లు బరువుతో ఎక్కుతారు. మర్నాడు పొద్దున్నే గైడ్ వాణ్ని ఒంటరిగా పంపకుండా దాయిని తోడిచ్చి, గుట్ట అవతల ఫెరిచేలో ఉన్న హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ క్లినిక్‌కి పంపాడు. డాక్టర్ చూసి, ఇక పైకి వద్దు, కిందికి దిగి పడుకోవాలి అన్నారట. దాయి వాణ్ని పాంగ్‌బోచే వెళ్తున్న తెలిసిన పోర్టర్ల జట్టుకు అప్పగించి, మధ్యాహ్నం మమ్మల్ని దారిలో కలుసుకున్నాడు.

ఈలోగా బ్యాగుల సంగతి. దాయి బరువు మేం నలుగురం, గైడ్ కలిసి పంచుకుని తీసుకెళ్లాం. భాయి బరువుకి గైడ్ డింగ్‌బోచేలోనే ఒక మనిషిని మాట్లాడాడు, మూడు రోజులకు, రోజుకు రెండున్నర వేలు. ఖాట్మండు ఆఫీసుకు ఫోన్ చేస్తే ప్రస్తుతానికి మీరు ఇవ్వండి తర్వాత చూద్దాం అన్నారు. (తర్వాత ఖాట్మండులో గట్టిగా అడిగితే సగం ఇచ్చారు.) చేతిలో ఉన్న డబ్బు రాబోయే నాలుగు రోజుల తిండికే సరిపోయేలా ఉంది. ‘ముట్టుకోవద్దు’ కవర్ తీసి అందులోంచి 7,500 ఇవ్వాల్సి వచ్చింది. ఆ కొత్తాయనకూ టిప్ ఇవ్వాలి కదా, రోజుకు వెయ్యి చొప్పున మూడు వేలు. అంటే 42,000లో మిగిలేది 31,500.

ఆ రాత్రి లోబుచేలో, 4,940 మీటర్ల దగ్గర, జడలబర్రె పేడ పిడకలు వేసి మండించిన పొయ్యి చుట్టూ కూర్చుని ఈ లెక్క వేస్తుంటే తమ్ముడి ఫ్రెండ్ అన్నాడు. “భాయి మూడు రోజులు పని చేయట్లేదు కదక్కా. వాడి మూడు వేలు ఈయనకిస్తే టిప్పుల లెక్క సరిపోతుంది.” నిజమే, కాగితం మీద అచ్చంగా సరిపోతుంది. అందుకే నాకు భయమేసింది, అంత తేలిగ్గా సరిపోయే లెక్కకు ఎవరైనా తలూపేస్తారు. మా తమ్ముడు అప్పటికే ఊపేశాడు.

నేను కాస్త గొంతు పెంచాను. వాడికి జబ్బు చేసింది ఇంట్లో కూర్చుని కాదు, మన బ్యాగులు మోస్తూ. నిన్న మధ్యాహ్నం అడిగితే ఏం లేదు దిదీ అని ఎందుకన్నాడో ఆలోచించండి, పని పోతుందని, డబ్బు తెగుతుందని. ఇప్పుడు మనం నిజంగానే తెగ్గోస్తే వచ్చే ట్రెక్‌లో వాడు తలనొప్పి దాచిపెట్టి ఇంకో వెయ్యి మీటర్లు ఎక్కుతాడు. 1997లో ఇలాగే ఒక కుర్ర పోర్టర్‌కి పైన జబ్బు చేస్తే లెక్క తేల్చి ఒంటరిగా కిందికి పంపేశారు, అతను చనిపోయాడు. ఇంటర్నేషనల్ పోర్టర్ ప్రొటెక్షన్ గ్రూప్ పుట్టింది ఆ చావు తర్వాతే. ఇదంతా నేను ట్రెక్‌కి ముందు చదువుకున్నాను, ఆ రాత్రి ఒక్కో మాటా గుర్తొచ్చి చెప్పాను. తమ్ముడు, “అక్కా, అరవకు, అందరూ చూస్తున్నారు” అన్నాడు. మా ఆయన అప్పటిదాకా మాట్లాడలేదు. “పోఖరా ఆరు వేలు గుర్తున్నాయిగా” అన్నారు నాతో, అంతే, లేచి పడుకోడానికి వెళ్లిపోయారు. ఆ ఎత్తులో ఎలాగూ నిద్ర సరిగా పట్టదు, ఆ రాత్రి అసలే పట్టలేదు. పొద్దున టీ దగ్గర తమ్ముడి ఫ్రెండ్ తనే వచ్చి, “భాయికి పూర్తిగానే ఇద్దాం అక్కా, తగ్గింది నా వాటాలో రాయండి” అన్నాడు. వాటాలో ఎవరిదీ విడిగా రాయలేదు, నలుగురం పంచుకున్నాం.

బేస్ క్యాంప్ చూశాం, 5,364 మీటర్లు. కాలా పత్థర్ గుట్ట మీద సూర్యోదయం చూశాం. వాటి గురించి ఇంకెప్పుడైనా రాస్తాను. దిగి ఫెరిచే చేరేసరికి లాడ్జి గుమ్మంలో భాయి నిలబడి ఉన్నాడు, ముఖం తేటగా ఉంది, నా వీపు మీది బ్యాగు తీయబోతే నేనే వద్దన్నాను. కొత్తాయన ఇల్లు డింగ్‌బోచేలోనే, చీకటి పడకముందే వెళ్లాలన్నాడు. ఆయన మూడు వేలు అక్కడికక్కడే చేతిలో పెట్టాం. మధ్యలో చేరి మధ్యలో వెళ్లేవాళ్లకు చివరిదాకా ఆగకుండా వాళ్లు కదిలే ముందే ఇచ్చేయాలి. ఇలాంటివాళ్లనే అందరూ మర్చిపోతారు.

నాంచేకి దిగినప్పుడు మా చేతిలో పదివేల ఐదు వందలు తక్కువ. నాంచేలో ఏటీఎంలు ఉన్నాయన్న ధైర్యంతోనే వచ్చాం. మొదటిదాంట్లో డబ్బు లేదు. రెండోది నా కార్డు ఒకసారి, మా ఆయన కార్డు రెండుసార్లు బయటికి తోసేసింది. పది గంటలు నడిచొచ్చిన కాళ్లతో ఆ రాతి మెట్లు ఎక్కుతూ దిగుతూ తిరుగుతుంటే, ఇక్కడ కూడా రాకపోతే వాళ్ల ముఖం ఎలా చూడాలి అన్న దిగులు తప్ప ఇంకేమీ లేదు. చివరికి మా తమ్ముడి కార్డు మూడో మెషిన్లో పనిచేసింది. లోపల నోట్లు లెక్కపెట్టే చప్పుడు వినిపించగానే వాడు నా భుజం పట్టుకుని ఊపేశాడు. పదివేలు. మిగతా ఐదు వందలు నా పర్సులోంచి వేశాను.

అక్టోబర్ 24 మధ్యాహ్నానికి లుక్లా. కవర్లు హైదరాబాద్ నుంచే తెచ్చాను, మనం పెళ్లిళ్లకు చదివింపులు పెట్టే కవర్లు, పైన రూపాయి బిళ్ల అతికించి ఉంటుంది చూడండి, అవి. మనం నూటపదహార్లు, ఐదు వందల పదహార్లు అని పైన కొంత చేర్చి ఇస్తాం కదా, గుండు సున్నాతో ముగించకుండా. పన్నెండు వేలు అలా మొద్దుగా ఇవ్వడం నాకు మనస్కరించలేదు, కూలి లెక్క కట్టినట్టు ఉంటుందనిపించింది. తమ్ముడి ఫ్రెండ్ హిందీ చేతిరాత బాగుంటుంది, ఒక్కో కవర్ మీద ఒక్కొక్కరి పేరు వాడే రాశాడు.

రాత్రి భోజనం ముందే ఇద్దామని గైడ్‌తో చెప్పి ఉంచాం. భోజనం అయ్యాక మందు, పాటలు, పక్క గుంపుల గోల మొదలవుతుంది. పొద్దున ఇద్దామంటే లుక్లా విమానం ఎప్పుడు పిలుస్తారో తెలియదు, పోఖరా జీపు దగ్గర జరిగిందే మళ్లీ జరుగుతుంది. ఐదింటికి ఇద్దరూ వచ్చారు. ముఖం కడుక్కుని, తల దువ్వుకుని, భాయి ఉతికిన చొక్కా వేసుకుని. ఆ తయారవడం చూశాక మేం కుర్చీల్లో కూర్చుని ఉండలేకపోయాం, నలుగురం లేచి నిలబడ్డాం. ఊరికే థాంక్యూ అనకుండా, ఒక్కొక్కరూ తాము చూసిన ఒక్కో విషయం చెప్పాలని ముందే అనుకున్నాం. గైడ్ నేపాలీలోకి మార్చి చెబుతున్నాడు. మా తమ్ముడు దాయితో, తెంగ్‌బోచే ఎక్కేటప్పుడు కంచరగాడిదల మంద ఎదురైతే మీరు నన్ను లోయ వైపు నుంచి కొండ వైపుకి లాగారు, అది నేను మర్చిపోను అన్నాడు. దాయి తల దించుకుని నవ్వాడు.

రెండు చేతులతో ఇచ్చాను. దాయి కుడిచేయి చాపి, ఎడమచేత్తో కుడి మోచేతిని తాకి అందుకున్నాడు, కవర్‌ని నుదుటికి ఆనించుకున్నాడు. నామ్లో పట్టీ ఉండే చోటే. ఆ చోట చర్మం నున్నగా, ముదురు రంగుగా ఒక గీతలా ఉంది, ఇన్ని రోజులుగా టోపీ కింద అది నాకు కనపడలేదు. రూపాయి బిళ్లను బొటనవేలితో తడిమి చూసి గైడ్‌తో ఏదో అన్నాడు. మా దగ్గరా ఇంతే దిదీ, శుభానికి ఒక రూపాయి పైన పెడతాం అని గైడ్ చెప్పాడు. తర్వాత భాయికి. చివర్లో గైడ్‌కి మా ఆయన ఇచ్చారు. ఎవరి కవర్లో ఎంతుందో పైకి చెప్పలేదు. ఎవరూ అక్కడ విప్పి చూడలేదు కూడా, లోపలి జేబులో పెట్టుకున్నారు.

బట్టలు ఆ తర్వాత, విడిగా ఇచ్చాం. మా ఆయన గ్లవ్స్, నా డౌన్ జాకెట్, తమ్ముడి హెడ్ లైట్. ఇవి టిప్‌లో భాగం కావని గైడ్ చేత చెప్పించాను. పాత షూస్, చిరిగిన ప్యాంటు ఇచ్చేసి, అదే టిప్ అనుకుని వచ్చేసేవాళ్లను లుక్లాలో కళ్లారా చూశాను, బాధేసింది. ఆ జాకెట్‌తో స్కూలు ఫీజు కట్టలేరు. ఇచ్చే వస్తువు ఉతికి, జిప్పు పనిచేస్తుందో లేదో చూసి ఇవ్వాలి, డబ్బు మాత్రం డబ్బుగానే ఇవ్వాలి.

మర్నాడు పొద్దున ఆరు కూడా కాలేదు, టీ తాగుతుంటే భాయి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు, వెనకాల దాయి. చేతిలో మూడు వెయ్యి నోట్లు ఉన్నాయి. “దిదీ, లెక్క తప్పింది. పన్నెండు రోజులకిచ్చారు. నేను తొమ్మిది రోజులే మోశాను.” రాత్రి విప్పి లెక్కపెట్టుకుని, దాయిని అడిగి, వేళ్ల మీద రోజులు కూడా సరిచూసుకుని వచ్చాడట. నాకు వెంటనే మాట రాలేదు. తమ్ముడి ఫ్రెండ్ కప్పు కింద పెట్టి లేచి వెళ్లి, ఆ నోట్లు ఉన్న చేతిని అలాగే మూసేశాడు. “తప్పలేదు భాయ్, పన్నెండే. జబ్బు చేసినప్పుడు చెప్పావు, కిందికి దిగావు, అది కూడా పనే” అన్నాడు హిందీలో. భాయి దాయి వైపు చూశాడు. దాయి సరే అన్నట్టు తలూపాడు.

ఆ కుర్రాడు నోట్లు మడిచి కవర్లో పెట్టి, కవర్‌ని చొక్కా లోపల పెట్టుకుని, పైన గుండీ పెట్టుకున్నాడు. వారంలో తిహార్, మనకు దీపావళి. కిందికి నడిచి దిగి, జీపు పట్టుకుని, పండుగ ముందే ఇల్లు చేరతామని దాయి చెప్పాడు. అంతలో మా విమానం పిలుస్తున్నారని గైడ్ కేక వేశాడు. భాయి వరండాలోకి వెళ్లి, మా బ్యాగుల ముందు కూర్చుని, పట్టీ నుదుటికి సర్దుకున్నాడు.